వీల్‌చైర్ తోసుకుంటే భుజాలు పోతున్నాయి, ఉన్నదాన్నే సర్దుకునే దారుందా?

కావలి_కాలవగట్టు
నాకు 36 ఏళ్ళు. నాలుగేళ్ళ కింద బైకు మీద నుంచి పడి నడుం కింద చచ్చుబడింది. చేతులు బాగానే ఉన్నాయి. క్యాంపులో ఇచ్చిన మడతకుర్చీ, 18 అంగుళాల సీటు, బరువు చూస్తే బియ్యం మూటతో పోటీ. ఇంట్లో టైల్స్ మీద పర్లేదు. వాకిలి దాటి చిల్లరంగడి దాకా, గట్టిగా రెండొందల గజాలు, పోయేలోపల నాలుగుసార్లు ఆగాలి. రాత్రికి చొక్కా విప్పడానికి చెయ్యి పైకి లేవదు. ఇసక కనపడితే చాలు, ముందు చక్రాలు దిగబడి కూర్చుంటాయి. అమ్మ తోస్తానంటుంది. ఆమెకి 62, మోకాళ్ళ నొప్పులు. ఆమె చేత తోయించుకోవడం నాకిష్టం లేదు.
కొత్త కుర్చీ కొనమని మాత్రం చెప్పొద్దు, డబ్బుల్లేవు. దీన్నే ఏమన్నా సర్దుకోవచ్చా? రిపేరు చేసేవాణ్ణి అడిగితే "నట్లు బిగించుకో" అన్నాడు, అంతే.

ఒంగోలు_కోడె
టైర్లు గాలివా, గట్టి రబ్బరువా?

కావలి_కాలవగట్టు
వెనక పెద్దవి గాలివి. ముందువి గట్టివి.

సైకిల్‌షాపు_బాషా
గాలి ఎప్పుడు కొట్టించావు?

కావలి_కాలవగట్టు
సంక్రాంతికి.

సైకిల్‌షాపు_బాషా
వినాయక చవితి వస్తోంది అబ్బయా.

గూడూరు_నిమ్మకాయ
😂😂 ఇక్కడే సగం భుజంనొప్పి తేలిపోయింది.

సైకిల్‌షాపు_బాషా
నవ్వులాటలు పక్కన పెట్టండి. నా దగ్గరికి నెలకు ఒకటో రెండో వీల్‌చైర్లు వస్తాయి. అన్నిటిదీ ఇదే కథ. సైకిలుకు గాలి తగ్గితే తొక్కేవాడికి కాళ్ళలో తెలిసిపోద్ది, వెంటనే వస్తాడు. కుర్చీకి గాలి మెల్లగా తగ్గుతుంది కాబట్టి మనిషి "నాకే బలం తగ్గింది" అనుకుంటాడు. టైరు పక్క గోడ మీద ఎంత గాలి పట్టాలో పీయస్ఐ అని అచ్చేసి ఉంటుంది, అద్దాలు పెట్టుకుని చూడు. అంతవరకూ కొట్టించు. పంక్చరు లేకపోయినా ట్యూబులోంచి గాలి కారుతూనే ఉంటుంది, కాబట్టి వారానికోసారి బొటనవేలితో నొక్కి చూసుకో. లొంగితే కొట్టాల్సిందే.
ఇంకో సంగతి. కుర్చీ బ్రేకు టైరు మీద నొక్కుకుని ఆపే రకం. గాలి తగ్గితే బ్రేకు పట్టదు. మంచం మీదకి మారేటప్పుడు కుర్చీ జారితే అప్పుడు తెలుస్తుంది.
ట్యూబు మార్చాల్సొస్తే పాతది చేతిలో పట్టుకుని పో. 24 అంగుళాలంటే సరిపోదు, 24లోనే రెండు మూడు సైజులున్నాయి.

పొదిలి_పంతులు
ఈ గాలి గోలంతా ఎందుకు, నాలుగు చక్రాలకూ గట్టి టైర్లు వేయించుకుంటే పంక్చరు బాధే ఉండదు కదా. నేను అదే చేశా.

ఒంగోలు_కోడె
పంతులుగారూ, మీరు ఇంట్లోనే తిరుగుతారా బయట కూడానా?

పొదిలి_పంతులు
ఎక్కువగా ఇంట్లోనే. బయటికెళ్తే మా అబ్బాయి తోస్తాడు.

ఒంగోలు_కోడె
అదీ సంగతి. తోసేది మీరు కాదు! బయట కంకర రోడ్డు మీద గట్టి టైరుతో ఒక రోజు మీరే తోసుకుని చూడండి. ప్రతి రాయీ వెన్ను దాకా వస్తుంది, పైగా బరువుగా దొర్లుతుంది. మా చిన్నాన్న గట్టివి వేయించి రెండు నెలల్లో పీకేశాడు.

పొదిలి_పంతులు
మా పొదిలిలో తుమ్మముళ్ళు ఎన్నుంటాయో మీకు తెలీదు. వారానికి రెండు పంక్చర్లయితే ఏ భుజమైనా గట్టి టైరుకే ఓటేస్తుంది. నా మాట నాది.

ఫిజియో_అక్క_నెల్లూరు
కాలవగట్టు తమ్ముడూ, గాలి ముఖ్యమే. కానీ నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే, అంటే ముందు చక్రాలు దిగబడటం, భుజాల నొప్పి, అసలు దొంగ వెనక చక్రం ఇరుసు అనిపిస్తోంది.
ఈ మామూలు మడతకుర్చీల్లో పెద్ద చక్రం ఇరుసు వీపు ఆనించే గొట్టానికి సూటిగా కింద ఉంటుంది. కుర్చీ వెనక్కి పడకూడదని అట్టా చేస్తారు. దాంతో నీ ఒంటి బరువు చాలావరకు ముందున్న చిన్న చక్రాల మీదకి పోతుంది. చిన్న చక్రం బరువు మోస్తే తిరగనని మొరాయిస్తుంది, ఇసకలో అదే ముందు దిగబడుతుంది. పైగా తోసే రింగు నీకు వెనకగా ఉంటుంది. ప్రతి తోపుకూ చేతులు వెనక్కి లాగి పట్టుకోవాలి. రోజుకు వెయ్యిసార్లు అట్టా లాగితే భుజం ఊరుకుంటుందా?
ఇరుసును ముందుకు జరిపితే బరువు పెద్ద చక్రాల మీదకొస్తుంది, రింగు చేతికి అందుతుంది. అమెరికాలో వెన్నుకు గాయమైన మాజీ సైనికుల సంఘం పూనికతో 2005లో భుజాలు కాపాడుకోవడం మీద మార్గదర్శకాలు వచ్చాయి. అందులోనూ ఇదే మాట: కుర్చీ పడిపోనంతవరకూ ఇరుసు ఎంత ముందుకైతే అంత ముందుకు.
ఎత్తు ఎట్టా చూసుకోవాలంటే, నిటారుగా కూర్చుని చెయ్యి రింగు పైభాగం మీద పెట్టు. మోచెయ్యి దగ్గర పైచేతికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. కొలబద్ద లేకపోతే చేతులు కిందికి వదిలెయ్, నడివేలి కొస ఇరుసు మధ్యకు తగలాలి. తగలకపోతే ఎత్తుగా కూర్చున్నట్టు.
నువ్వు కూర్చున్న దిండు ఎంత మందం?

కావలి_కాలవగట్టు
అక్కా, దిండు కాదు. మా మావ కారు ట్యూబుకు గుడ్డ చుట్టి ఇచ్చాడు, మధ్యలో బొక్క. పుండ్లు పడవని చెప్పాడు. నడివేలు ఇరుసుకు అరచెయ్యెడం పైనే ఆగిపోతోంది.

ఫిజియో_అక్క_నెల్లూరు
అది ఇవాళే తీసెయ్. ట్యూబు బొక్క చుట్టూ ఒత్తిడి పడి మధ్యలో రక్తం ఆడదు, పుండు ఇంకా తొందరగా పడుతుంది. ఎత్తు వేరే పెంచుతోంది. రెండు, రెండున్నర అంగుళాల గట్టి ఫోము తెచ్చుకో, సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. దాని కింద సీటు కొలతకు ప్లైవుడ్ ముక్క వెయ్, అంచులు సాండుపేపరు కొట్టించి. ఈ కుర్చీల రెక్సిన్ సీటు కొన్నాళ్ళకు ఉయ్యాలలా దిగిపోతుంది, తొడలు లోపలికి వాలతాయి, నడుం ఒక పక్కకి ఒరుగుతుంది. చెక్క వేస్తే నిటారుగా కూర్చుంటావు. ఫోము ఉంది కదా అని మర్చిపోకు, ప్రతి అరగంటకూ ముందుకు వంగో పక్కకు వాలో పిరుదుల మీద బరువు తియ్యాలి. రాత్రి పడుకోబోయే ముందు అద్దంతో ఎర్రమచ్చలున్నాయేమో చూసుకో.

గూడూరు_నిమ్మకాయ
మావలందరూ ఇంతే. మా మావ నా కుర్చీ బేరింగులకు కొబ్బరినూనె పోశాడు. మూడు రోజులు కుర్చీ గుడి వాసన, నాలుగో రోజు నుంచి దుమ్ము పట్టి గట్టి జిగురు.

సైకిల్‌షాపు_బాషా
🙏🙏 కొబ్బరినూనె తలకి.

చీమకుర్తి_గెలాక్సీ
ఇరుసు జరపడమంటే నేను చేయించా, నా అనుభవం వినండి. నా కుర్చీకి వేరే బొక్కల్లేవు. క్వారీ దగ్గర వెల్డింగు చేసేవాడు తెలిసినవాడే. ఫ్రేముకు పలక వేయించి ఒకేసారి మూడు అంగుళాలు ముందుకు తెచ్చా. అబ్బ, వెన్నపూసలా కదిలింది! ఆ సంతోషం వసారా దాకానే. అరుగు ఎక్కబోతూ గట్టిగా ఒక తోపు తోశా, కుర్చీ ముందు లేచి వెనక్కి వెల్లకిలా పడ్డా. నెత్తి మీద నాలుగు కుట్లు.

ఫిజియో_అక్క_నెల్లూరు
ఇదే భయం నాకు. జరిపేది అరంగుళం చొప్పున, ప్రతిసారీ వెనక ఒక మనిషిని నిలబెట్టుకుని. వెనక్కి పడకుండా చిన్న చక్రాలున్న కడ్డీలు వస్తాయి, యాంటీ టిప్పర్లంటారు. అవి ముందు బిగించాకే ఇరుసు ముట్టుకోవాలి. సన్నగొట్టం ఫ్రేముకు వెల్డింగు పెడితే పక్కన లోహం బలహీనపడి తర్వాత విరిగే ప్రమాదం వేరే. నేనైతే వద్దంటాను.

చీమకుర్తి_గెలాక్సీ
విరగలేదు కానీ అక్కా, అలైన్‌మెంటు పోయింది. ఒక చక్రం పడమరకి, ఒకటి వాయవ్యానికి.

పెన్నా_ఒడ్డు
కాలవగట్టూ, వెల్డింగు దాకా పోకముందు నీ కుర్చీ వెనక చక్రం దగ్గర ఫోటో తీసి పెట్టు. చక్రం పీకి తియ్యి.

కావలి_కాలవగట్టు
పెట్టా. మా తమ్ముడు చక్రం ఊడదీశాడు. మట్టి తప్ప ఏం లేదక్కడ.

పెన్నా_ఒడ్డు
మట్టి కింద ఏముందో చూడు. ఇరుసు బిగించిన ఆ పలక పొడుగ్గా ఉంది కదా. ఒక్క బొక్కకి అంత పలక ఎందుకు పెడతాడు కంపెనీవాడు? మేకుతో గీకు.

కావలి_కాలవగట్టు
!!!!! ఇంకా రెండు బొక్కలున్నాయి. రంగు, మట్టి పట్టి పూడిపోయాయి. నాలుగేళ్ళు దీని మీద కూర్చున్నా!

ఒంగోలు_కోడె
పెన్నా ఒడ్డు గారికి వీరతాడు.

పొదిలి_పంతులు
నా కుర్చీ గీకించా. ఏమీ లేదు. మేకు విరిగింది.

సైకిల్‌షాపు_బాషా
పంతులుగారి రకమే ఎక్కువండి, అన్నిటికీ బొక్కలుండవు. కాలవగట్టూ, ఒక్క బొక్కే ముందుకు జరుపు, రెండు పక్కలా ఒకే వరస. చక్రం ముందుకొస్తే బ్రేకుకు గుద్దుకుంటుంది, కాబట్టి బ్రేకు బిగింపు వదులు చేసి అది కూడా ముందుకు జరిపి మళ్ళీ బిగించాలి. ఇది మర్చిపోయి "చక్రం తిరగట్లేదు" అని వస్తారు జనం. ఎట్టాగూ చక్రాలు విప్పావు కదా, ముందు చిన్న చక్రాల ఇరుసు బోల్టు కూడా విప్పు, రెండు పానాలు కావాలి. లోపల ఏముందో చూసి చెప్పు.

కావలి_కాలవగట్టు
జుట్టు. మా ఇంట్లో ఆడవాళ్ళందరి జుట్టూ, ఒక జడ కట్టుకునేంత. చీర దారాలు, ఒక రబ్బరు బ్యాండు.

గూడూరు_నిమ్మకాయ
సవరం చేయించి తిరుపతిలో ఇచ్చిరా.

సైకిల్‌షాపు_బాషా
బ్లేడుతో కోసి తీసెయ్. బేరింగు చేత్తో తిప్పితే గరగరమంటే మార్చు, పాతది చూపిస్తే ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. మూసి ఉన్న బేరింగులో నూనె పొయ్యొద్దు. తర్వాత చిన్న చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పైన నిలువు బోల్టు నేలకు సూటిగా ఉందో లేదో చూసుకో. వాలితే కుర్చీ ఒక పక్కకి లాగుతుంది, జోరుగా పోతే చక్రం వణుకుతుంది.

ఫిజియో_అక్క_నెల్లూరు
పనిలో పని, కాళ్ళు పెట్టుకునే పలకలు కూడా చూసుకో. తొడ మొత్తం దిండు మీద సమంగా ఆనాలి. పలకలు మరీ పైకుంటే మోకాళ్ళు లేచి బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది. మరీ కిందుంటే ముందుకి జారతావు. నేలకు రెండంగుళాలైనా ఎడం ఉండాలి, లేకపోతే గతుకులో తగులుతుంది. తోసేటప్పుడు టపటపా చిన్న తోపులు వద్దు. రింగు నడినెత్తికి కొంచెం వెనక పట్టుకుని బాగా ముందుదాకా ఒక్క పొడుగు తోపు, వదిలాక చేతులు కిందుగా తిప్పి వెనక్కి తెచ్చుకో. అన్నట్టు నీ నడుం వెడల్పెంత?

కావలి_కాలవగట్టు
కూర్చుంటే 14 అంగుళాలు. బక్కోణ్ణి.

ఫిజియో_అక్క_నెల్లూరు
18 సీటులో 14 మనిషి! రెండు పక్కలా అంగుళం చాలు. మోచేతులు రెక్కల్లా పక్కకి పెట్టి తోస్తున్నావన్నమాట. దీనికి ఈ కుర్చీలో మందు లేదు. పక్కల్లో ఫోము ముక్కలు దోపితే మధ్యలో నిటారుగా ఉంటావు, చక్రాలు మాత్రం దగ్గరికి రావు. చేతులు ఆనించే కడ్డీలు ఊడేవైతే తోసుకునేటప్పుడు తీసి పెట్టు. దివ్యాంగులకు పరికరాలిచ్చే ప్రభుత్వ అడిప్ పథకంలో సాధారణంగా మూడేళ్ళకోసారి మళ్ళీ అడగొచ్చు, యూడీఐడీ కార్డు, అదే దివ్యాంగుల గుర్తింపు కార్డు, పట్టుకెళ్ళి ఈసారి 16 సీటు అడుగు. కొలత చెప్పకపోతే ఉన్నది ఇచ్చేస్తారు. కొనే రోజొస్తే మద్రాసు ఐఐటీ వాళ్ళు 2020లో తెచ్చిన నియోఫ్లై కుర్చీ లాంటివి మనిషి కొలతకే చేసిస్తారు.

సింగరాయకొండ_సునీత
మధ్యలో దూరుతున్నా. మా అత్తకి పక్షవాతం, కుడి వైపు పనిచెయ్యదు. ఒక చెయ్యే కాబట్టి తోసుకోలేదు, గుండ్రంగా తిరుగుతుంది. ఇరుసు జరిపితే ఆమెకి లాభమా?

ఫిజియో_అక్క_నెల్లూరు
ఆమెకి వేరే లెక్క సునీతా. ఎడమ కాలు బాగుంది కదా, ఆ కాలే ఆమె స్టీరింగు. ఎడమ వైపు కాలి పలక తీసెయ్యండి. సీటు ఎంత కిందికి దింపితే మడమ నేలకు పూర్తిగా ఆనుతుందో అంత దించాలి. ఎడమ చేత్తో తోస్తూ ఎడమ కాలితో నేల లాక్కుంటూ నడుపుతుంది. కుడి కాలు మాత్రం పలక మీదే, జారకుండా మడమ వెనక పట్టీతో.

సింగరాయకొండ_సునీత
దిండు తీసేసి చూశాం. ఇవాళ వంటింటి గుమ్మం దాకా తనే వచ్చి "చారులో ఉప్పు ఎక్కువైంది" అని చెప్పిపోయింది. థాంక్స్ అనాలో వద్దో తెలీట్లేదు అక్కా 😄

ఫిజియో_అక్క_నెల్లూరు
😂 దిండు తీసెయ్యడం మటుకు వద్దు. పల్చటిదైనా ఉండాలి. చక్రాల బొక్క పైకి మార్చి సీటు దించే వీలుందేమో చూడండి.

ఉదయగిరి_చెక్క
అందరూ కుర్చీ గురించే మాట్లాడుతున్నారు, గడప సంగతేంటి? నేను వడ్రంగిని. వీల్‌చైర్ ఇళ్ళకి నేను చేసేది చెక్క వాలుబల్లే.

కావలి_కాలవగట్టు
గడప ఊసెత్తొద్దన్నా. కోసేద్దామంటే అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. శుక్రవారం పసుపు రాసే గడప కోస్తావా అంటుంది.

ఉదయగిరి_చెక్క
కొయ్యక్కర్లేదు. రెండు వైపులా చిన్న వాలుబల్లలు పెట్టు, పసుపు పూటకి పక్కకి తియ్యొచ్చు. లెక్క ఒకటే, ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల వాలు. మూడంగుళాల గడపకి మూడడుగుల బల్ల. బయట మెట్లు ఎన్ని?

కావలి_కాలవగట్టు
మూడు. ఆరేసి అంగుళాలు.

ఉదయగిరి_చెక్క
18 అంగుళాలు, అంటే 18 అడుగుల ర్యాంపు. మీ వాకిలి అంత ఉందా?

కావలి_కాలవగట్టు
వాకిలి పది, ఆ తర్వాత సైడు కాలవ, ఆ తర్వాత పక్కింటి గేదె.

ఉదయగిరి_చెక్క
అయితే గోడ వెంబడి ఎల్ ఆకారంలో తిప్పాలి, మలుపు దగ్గర కుర్చీ తిరిగేంత సమంగా చోటు వదలాలి. నిలువు వాలు కడితే ఎక్కలేవు, దిగలేవు.

చీమకుర్తి_గెలాక్సీ
ఒక్క మాట, ర్యాంపు మీద నున్నటి గ్రానైటు వెయ్యకండి. మా ఊళ్ళో రాయి చవక కదా అని నల్లటి పాలిష్ రాయి వేయించా. మొదటి వాన చినుక్కి కుర్చీ, నేను, గేటు ఒకే చోట. గరుకు రాయి గానీ, గీతలు కొట్టిన సిమెంటు గానీ వెయ్యండి.

గూడూరు_నిమ్మకాయ
గెలాక్సీ అన్నా, నీ తల మీద కుట్లు మొత్తం ఎన్ని?

చీమకుర్తి_గెలాక్సీ
ప్రస్తుతానికి ఏడు.

మైపాడు_అల
ఇసక గురించి చిట్కా. ఇసకలో ముందుకి తోస్తే చిన్న చక్రాలు నాగలి దున్నినట్టు దున్నుతాయి. కుర్చీ వెనక్కి తిప్పి లాగించుకోండి, పెద్ద చక్రాలు ముందుండాలి. మైపాడు బీచిలో మా వాణ్ణి అట్టాగే నీళ్ళ దాకా తీసుకుపోతాం. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి తుడవాలి, ఉప్పుగాలికి స్పోకులు ఆర్నెల్లలో తుప్పు.

కావలి_కాలవగట్టు
రెండు వారాలయింది, చెప్పిన పనులు ఏమయ్యాయో రాస్తున్నా. ట్యూబు పోయింది, ఫోము వచ్చింది, చెక్క వచ్చింది. గాలి వారానికోసారి తమ్ముడు కొడుతున్నాడు. ఇరుసు ఒక బొక్క ముందుకి, బ్రేకు కూడా జరిపాం. యాంటీ టిప్పర్లు నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు తిరిగి తిరిగి తెచ్చాడు.
హాల్లో లెక్కపెట్టా. ఇంతకు ముందు ఒక తోపుకి రెండడుగుల టైల్సు మూడు దాటేది, ఇప్పుడు అయిదూ అయిదున్నర. అంగడి దాకా ఒక్కసారి ఆగుతున్నా. నడివేలు ఇరుసుకు ఇంకా రెండు వేళ్ళ ఎడంలో ఉంది. మొదట్లో కుర్చీ లేస్తున్నట్టు గుండె ఝల్లుమనేది, ఇప్పుడు అలవాటైంది. కుడి భుజం ఇంకా నొస్తోంది, ఎడమది బాగా తగ్గింది.

ఫిజియో_అక్క_నెల్లూరు
సంతోషం తమ్ముడూ. కుడి భుజం రాత్రి నిద్ర లేపేంత నొస్తే ఎముకల డాక్టరుకు చూపించు, సాగదీయకు. ఇంకోటి, ఇరుసు ముందుకొచ్చింది కాబట్టి ఇకమీదట వెనక హ్యాండిల్సుకి సంచులు తగిలించొద్దు. ఆ బరువు కుర్చీని వెనక్కి లాగుతుంది. ఏదైనా ఒళ్ళో పెట్టుకో, లేదా సీటు కింద.

కావలి_కాలవగట్టు
ఈ మాట నిన్న చెప్పాల్సింది అక్కా. అయిదు కిలోల ఉల్లిపాయలు వెనక తగిలించి కాలవ మీద బండ ఎక్కా. యాంటీ టిప్పర్లు నన్ను ఆపాయి. ఉల్లిపాయల్ని ఆపలేదు.

గూడూరు_నిమ్మకాయ
కాలవలోకా?

కావలి_కాలవగట్టు
కొన్ని కాలవలోకి. మిగతావి గేదె దగ్గరికి.